దూరం నేలది, సమయం గాలిది

హైదరాబాద్ నుంచి షికాగో ఎంత దూరం? విమానంలో ఎంతసేపు పడుతుంది? ఈ రెండు ప్రశ్నలనూ మనం కలిపే అడుగుతాం. పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో ఇవి తరచుగా వినబడేవే. మొదటి ప్రశ్నకు జవాబు ఒకే అంకె: సుమారు 13,280 కిలోమీటర్లు. నిరుడూ అంతే, వచ్చే ఏడాదీ అంతే. రెండో ప్రశ్నకు మాత్రం జవాబు నిలకడగా ఉండదు. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు మరొకటి. జనవరిలో ఒకటి, జూలైలో మరొకటి. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని బడిలో నేర్చుకున్న సూత్రం ఇక్కడ కూడా తప్పదు. అయితే ఏ దారి దూరాన్ని తీసుకోవాలి, దేనితో పోల్చి వేగాన్ని కొలవాలి అన్నవి తేలితే తప్ప ఆ భాగహారం మొదలుకాదు.

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా వెళ్లే సర్వీసును బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానంతో ప్రారంభించింది. సర్వీసులు మొదలవుతాయి, వేళలు మారుతాయి, కొన్ని ఆగిపోతాయి. ఊళ్ల మధ్య ఉన్న జ్యామితి మారదు. అందుకే ఈ రెండు నగరాలనే ఉదాహరణగా తీసుకుందాం.

గోళం మీద దగ్గరి దారి

తరగతి గది గోడకు వేలాడే ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి షికాగోకు స్కేలు పెట్టి గీత గీస్తే అది పడమరకు సాగుతుంది. అరేబియా సముద్రం, ఆఫ్రికా ఉత్తర భాగం, అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికా చేరుతుంది. ఆ గీత వెంట విమానం నిజంగా ఎగిరితే సుమారు 16,100 కిలోమీటర్లు ప్రయాణించాలి. దగ్గరి దారికన్నా ఇది 2,800 కిలోమీటర్లు ఎక్కువ.

లోపం స్కేలుది కాదు, పటానిది. మనకు బాగా అలవాటైన ఈ పటానికి మూలం 1569లో గెరార్డస్ మెర్కేటర్ గీసిన పటం. ఆయన దాన్ని నావికుల కోసం తయారుచేశాడు. దిక్సూచిని ఒకే కోణంలో నిలిపి ఓడ నడిపితే ఆ మార్గం పటం మీద సరళరేఖగా కనిపించాలన్నది ఆయన ఉద్దేశం. అది నెరవేరాలంటే ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ పటాన్ని సాగదీయక తప్పదు. అందువల్ల ఉత్తరాన ఉన్న ప్రదేశాలు పటం మీద అసలు కన్నా చాలా పెద్దవిగా కనిపిస్తాయి, వాటి మీదుగా వెళ్లే దారులు చుట్టుదారుల్లా తోస్తాయి.

గ్లోబు తీసుకుని హైదరాబాద్ మీద దారం ఒక కొస, షికాగో మీద రెండో కొస పెట్టి బిగించి లాగితే అసలు దారి బయటపడుతుంది. బిగిసిన దారం ఎప్పుడూ అతి తక్కువ పొడవునే వెతుక్కుంటుంది. గోళం కేంద్రం గుండా పోయే ఏ తలమైనా గోళ ఉపరితలాన్ని ఒక వృత్తంగా కోస్తుంది. దాన్ని మహావృత్తం అంటారు. గోళం మీద ఏ రెండు బిందువుల మధ్యనైనా అతి దగ్గరి దారి వాటి గుండా పోయే మహావృత్తంలోని చిన్న చాపమే.

లెక్క కష్టమైనది కాదు. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. షికాగోలోని ఓహేర్ విమానాశ్రయం 41.98 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 87.90 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఉంది. భూకేంద్రం నుంచి ఈ రెండింటికీ రెండు గీతలు గీస్తే వాటి మధ్య కోణం గోళ త్రికోణమితి ప్రకారం 119.45 డిగ్రీలు. భూమి మీద మహావృత్తం వెంట ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. రెండింటినీ గుణిస్తే 13,280 కిలోమీటర్లు వస్తుంది.

దూరంకన్నా దిశ ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ దారిలో వెళ్లాలంటే హైదరాబాద్ నుంచి పడమరకు కాదు, దాదాపు నిటారుగా ఉత్తరానికి బయల్దేరాలి. ఉత్తర దిక్కు నుంచి పడమరకు ఒరగవలసింది 12 డిగ్రీల లోపే. ఆ చాపం పంజాబ్ మీదుగా పామీర్ పర్వతాలకు, అక్కడి నుంచి కజకిస్థాన్ మైదానాలకు, రష్యాలోని ఉరల్ పర్వతాల ఉత్తర భాగానికి సాగుతుంది. బారెంట్స్ సముద్రం దాటి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపాలను తాకుతుంది. దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కడి నుంచి దక్షిణానికి దిగుతూ గ్రీన్‌లాండ్ మంచు పలకను, బాఫిన్ దీవిని, హడ్సన్ అఖాతాన్ని దాటి మిషిగన్ సరస్సు మీదుగా షికాగో చేరుతుంది. పటం మీద పడమట కనిపించే ఊరికి నిజమైన దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి ఉంది.

భూమి కొలతలో మన రేఖాంశం

పై లెక్క భూమిని నిండు గోళంగా భావించి చేసింది. నిజానికి తన చుట్టూ తాను తిరగడం వల్ల భూమి నడుము దగ్గర కొద్దిగా ఉబ్బి, ధ్రువాల దగ్గర అణిగి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. తేడా 21 కిలోమీటర్లే అయినా అది అక్షాంశాల పొడవులో బయటపడుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం 110.6 కిలోమీటర్లుంటే ధ్రువాల దగ్గర 111.7 కిలోమీటర్లుంటుంది.

ఈ విషయాన్ని నేల మీద కొలిచి తేల్చినవారి చరిత్రలో మన ప్రాంతానికి చోటుంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖను కొలిచి ఒక మహా సర్వే మొదలుపెట్టాడు. కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా ఆయన, ఆయన తర్వాత జార్జ్ ఎవరెస్ట్ కొలిచిన మహా చాపం సుమారు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సాగింది. హైదరాబాద్ ఉన్నది కూడా దాదాపు ఆ రేఖాంశం మీదే. నిజాం రాజ్యం గుండా త్రిభుజం తర్వాత త్రిభుజంగా ముందుకు సాగిన లాంబ్టన్ 1823లో, పని పూర్తికాకముందే, ఇప్పటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో మరణించాడు. భారీ థియోడలైట్‌ను కొండల మీదికి, ఆలయ గోపురాల మీదికి ఎక్కించి, ఒక్కో డిగ్రీ ఎంత పొడవుందో కొలవడమే వారి పని. భూమి అసలు ఆకారమేమిటన్న ప్రశ్నకు జవాబు ఇచ్చిన కొలతల్లో వారివి ముఖ్యమైనవి.

ఈనాడు విమానయానం, ఉపగ్రహ దారిచూపు వ్యవస్థలు డబ్ల్యూజీఎస్-84 అనే భూ నమూనాను వాడతాయి. అది గోళం కాదు, కొద్దిగా అణిగిన దీర్ఘగోళం. దాని మీద దూరాన్ని కచ్చితంగా కట్టే పద్ధతిని 1975లో థాడియస్ విన్సెంటీ ప్రచురించాడు. గోళపు లెక్కకూ ఈ లెక్కకూ తేడా సాధారణంగా అర శాతం దాటదు. ప్రయాణికుడికి అది పట్టింపు కాదు, ఇంధనం లెక్కించే వారికి మాత్రం పట్టింపే.

రెండు నగరాల మధ్య దూరం అన్నప్పుడు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. చార్మినార్ నుంచి కొలుస్తున్నామా, శంషాబాద్ రన్‌వే నుంచా? 2008 మార్చి దాకా విమానాలు నగరం నడిమధ్యనున్న బేగంపేట నుంచి ఎగిరేవి. శంషాబాద్‌కు మారాక నగరం కదలకపోయినా విమానం బయల్దేరే చోటు కదిలింది. ఎత్తు సంగతి కూడా అంతే. విమానం నేలకు 11 కిలోమీటర్ల పైన ఎగురుతుంది కాబట్టి దాని వృత్తం కాస్త పెద్దది. షికాగో దారిలో ఆ అదనం సుమారు 23 కిలోమీటర్లు. ఇవన్నీ కూడినా మొత్తం దూరంలో ఒక శాతం దాటవు. నేలకు సంబంధించినంతవరకు జవాబు స్థిరమే. అసలు చిక్కు గాలితో మొదలవుతుంది.

విమానం కదిలేది గాలిలో

777 లాంటి పెద్ద జెట్ విమానం పైకెక్కాక ధ్వని వేగంలో సుమారు 84 శాతం వేగంతో ఎగురుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీల సెల్సియస్. ఆ చలిలో ధ్వని గంటకు సుమారు 1,060 కిలోమీటర్లే పయనిస్తుంది. కాబట్టి విమానం వేగం గంటకు సుమారు 890 కిలోమీటర్లు. 1958లో పాన్ అమెరికన్ సంస్థ బోయింగ్ 707తో అట్లాంటిక్ దాటించడం మొదలుపెట్టినప్పటి వేగం కూడా ఇంచుమించు ఇదే. ఇన్ని దశాబ్దాల్లో ఇంజిన్లు ఎంతో మెరుగై ఇంధనం ఆదా అయింది కానీ వేగం పెరగలేదు. ధ్వని వేగాన్ని సమీపించేకొద్దీ రెక్కల మీద ఆఘాత తరంగాలు పుట్టి గాలి ప్రతిఘటన ఒక్కసారిగా పెరగడమే దానికి కారణం. ఆ హద్దు దాటిన కాంకార్డ్ 1976 నుంచి 2003 దాకా ప్రయాణికులను మోసింది. దాని ఇంధనపు ఖర్చు తట్టుకున్న సంస్థలు రెండే.

13,280ని 890తో భాగిస్తే పద్నాలుగు గంటల యాభై అయిదు నిమిషాలు వస్తాయి. అసలు ప్రయాణానికి పదహారు గంటలకు పైనే పట్టేది. తేడా ఎక్కడిది? 890 అన్నది విమానానికి, దాని చుట్టూ ఉన్న గాలికి మధ్య వేగం. ఆ గాలి నేల మీద నిలబడి లేదు. గోదావరిలో పడవ ఎంత వేగంగా పోతుందన్నది దాని ఇంజిన్ ఒక్కటే తేల్చదు. ఏటివాలుకు పోతే ఒకటి, ఏటికి ఎదురు పోతే మరొకటి. విమానం సంగతీ అంతే.

ఆ ఎత్తులో వీచే గాలి మామూలు గాలి కాదు. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి టాటెనో పరిశీలన కేంద్రం నుంచి బెలూన్లు ఎగరేసి, ఎత్తున పడమటి నుంచి తూర్పుకు అసాధారణ వేగంతో గాలి ప్రవహిస్తోందని కనుగొన్నాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను ఎస్పరాంటో భాషలో ప్రచురించాడు. దాంతో దాన్ని చదివినవారే తక్కువయ్యారు. 1944లో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బి-29 బాంబర్లు ఆ గాలిని స్వయంగా ఎదుర్కొన్న తర్వాతే ప్రపంచం దాన్ని గుర్తించింది. నేడు మనం జెట్ ప్రవాహం అంటున్నది దాన్నే. గంటకు 150 కిలోమీటర్ల వేగం దానికి సాధారణం, 300 దాటడం కూడా అరుదు కాదు.

ఈ ప్రవాహం పుట్టుకకు కారణాలు రెండు. భూమధ్యరేఖ దగ్గరి వేడి గాలికి, ధ్రువాల చలి గాలికి మధ్య ఉష్ణోగ్రత తేడా ఒకటి. భూభ్రమణం రెండోది. వేడి ప్రాంతం నుంచి ధ్రువం వైపు కదిలే గాలి, భూమి తిరుగుతున్నందువల్ల ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు, అంటే తూర్పుకు మళ్లుతుంది. చలికాలంలో ఉష్ణోగ్రతల తేడా పెరుగుతుంది కాబట్టి ప్రవాహమూ బలపడుతుంది.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానం గాలిలో కాసేపు ఉంటే ఊరే దాని కిందికి రావాలి కదా అని. హైదరాబాద్ అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్న మాట నిజమే. కానీ వాతావరణమూ నేలతోపాటే తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడి ఉన్నప్పుడు విమానమూ దానితోపాటే తిరుగుతోంది. ఎగిరినంత మాత్రాన ఆ వేగం పోదు. భూభ్రమణం విమానానికి నేరుగా సాయమూ చేయదు, అడ్డమూ రాదు. పడమటి గాలులను పుట్టించి పరోక్షంగా మాత్రం తూర్పు ప్రయాణాన్ని తగ్గించి పడమటి ప్రయాణాన్ని పొడిగిస్తుంది. సామాన్యుడి ఊహకు ఇది పూర్తిగా తలకిందులు.

లండన్, న్యూయార్క్ నగరాల మధ్య ఇది స్పష్టంగా కనిపిస్తుంది. దూరం 5,540 కిలోమీటర్లు. న్యూయార్క్ నుంచి తూర్పుకు వచ్చేటప్పుడు ఏడు గంటల లోపు, లండన్ నుంచి పడమరకు వెళ్లేటప్పుడు ఎనిమిది గంటల దాకా పట్టడం మామూలు. 2020 ఫిబ్రవరిలో కియారా తుపాను గాలులు తోడై బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఒక దశలో నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని హద్దును దాటలేదు. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ఎప్పటి వేగంతోనే పోతోంది. గాలే దాన్ని మోసుకుపోయింది.

వెళ్లేటప్పుడు పోయిన సమయం తిరిగి వచ్చేటప్పుడు కలిసివస్తుంది, మొత్తం మీద సరిపోతుంది అనుకుంటే పొరపాటు. లెక్క వేసి చూద్దాం. గాలి లేకపోతే 5,540 కిలోమీటర్లు రానూపోనూ 12 గంటల 27 నిమిషాలు. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉందనుకుంటే, ఎదురుగాలిలో నేల మీది వేగం 790 కాబట్టి 7 గంటల 1 నిమిషం, వాలుగాలిలో 990 కాబట్టి 5 గంటల 36 నిమిషాలు. మొత్తం 12 గంటల 37 నిమిషాలు. పది నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, వాలుగాలిలో తక్కువసేపు ఉంటుంది. నష్టపరిచే గాలి ఎక్కువసేపు, లాభపరిచే గాలి తక్కువసేపు పనిచేస్తుంది. అందువల్ల గాలి ఎటు వీచినా రానూపోనూ మొత్తం ప్రయాణం పెరుగుతుందే కానీ తగ్గదు. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త పాల్ విలియమ్స్ 2016లో ఈ లెక్కను వాతావరణ మార్పుకు అన్వయించాడు. కార్బన్ డయాక్సైడ్ పెరిగి జెట్ ప్రవాహం బలపడితే అట్లాంటిక్ మీద తూర్పు ప్రయాణం తగ్గుతుంది, పడమటి ప్రయాణం అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది, మొత్తం మీద విమానాలు మరింత ఇంధనం కాలుస్తాయి అని చూపాడు.

మన ఆకాశంలోని గాలులకు కూడా రుతువులున్నాయి. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి జెట్ ప్రవాహం బలంగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అది హిమాలయాలకు ఉత్తరానికి జరిగిపోతుంది. అప్పుడు దక్షిణ భారతం మీద, చాలా ఎత్తులో, తూర్పు నుంచి పడమరకు మరో ప్రవాహం నెలకొంటుంది. ఈ ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో విపులంగా వివరించిన శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆయన తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ ప్రవాహపు నడిబొడ్డు విమానాలు ఎగిరే ఎత్తుకన్నా పైన ఉంటుంది. అయినా దాని ప్రభావం కింది పొరల్లోనూ ఉంటుంది. జనవరిలో ఎదురుగాలి తగిలిన దిశలోనే జూలైలో వాలుగాలి దొరకడానికి కారణం ఇదే.

పొడుగు దారిలో తక్కువ సమయం

దూరానికి, సమయానికి ఉన్న బంధం ఎంత వదులో చూపిన మంచి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మహావృత్త దూరం సుమారు 12,380 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా విమానం మొదట అట్లాంటిక్ మీదుగా పడమరకు వెళ్లేది. 2016 అక్టోబర్‌లో దాన్ని పసిఫిక్ మీదుగా తూర్పుకు మళ్లించారు. ఆ దారి పొడవు సుమారు 15,300 కిలోమీటర్లు. పాత దారికన్నా పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. పాత దారికన్నా దాదాపు రెండు గంటలు తక్కువ.

భాగించి చూస్తే నేలతో పోల్చిన సగటు వేగం గంటకు 1,055 కిలోమీటర్లు. విమానం సొంత వేగం 890 మాత్రమే. మిగిలిన 165 కిలోమీటర్లూ గాలి ఇచ్చినవే. తిరుగు ప్రయాణంలోనూ తూర్పుకే, అంటే అట్లాంటిక్ మీదుగా వస్తే మళ్లీ వాలుగాలే. అలా ఢిల్లీలో బయల్దేరిన విమానం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లివచ్చేసరికి భూగోళాన్ని ఒక చుట్టు చుట్టి వస్తుంది. రానూపోనూ గాలి నష్టం తప్పదన్న మన లెక్క ఇక్కడ చెల్లదు. వెళ్లిన దారినే తిరిగి రావాలన్న షరతును వాళ్లు తీసేశారు.

విమాన సంస్థల ప్రణాళిక గదుల్లో ప్రతి ప్రయాణానికీ ముందు జరిగేది ఇదే. తాజా గాలి అంచనాను తీసుకుని, అనేక దారుల్లో ఏది తక్కువ సమయంలో, తక్కువ ఇంధనంతో ముగుస్తుందో కంప్యూటర్ వెతుకుతుంది. నేల మీద అతి పొట్టి దారి వేరు, గాలిలో అతి పొట్టి దారి వేరు. విమానం ఎంచుకునేది రెండోదాన్నే. నిమిషం విలువెంత, కిలో ఇంధనం విలువెంత అన్న నిష్పత్తిని కూడా సంస్థ ముందే విమాన కంప్యూటర్‌కు ఇస్తుంది. దాన్నిబట్టే విమానం వేగం కొంచెం పెరుగుతుంది, కొంచెం తగ్గుతుంది. 777-200ఎల్ఆర్ ట్యాంకులు నిండితే పట్టేది సుమారు 145 టన్నుల ఇంధనం. నేల విడిచేటప్పుడు గరిష్ఠ బరువులో అది ఐదింట రెండు వంతులు. మొదటి గంటల్లో కాలే ఇంధనంలో కొంతభాగం చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. అందువల్ల సుదూర ప్రయాణంలో ఒక గంట తగ్గితే ఆ ఒక్క గంట ఇంధనమే కాదు, దాన్ని మోసే ఇంధనమూ మిగులుతుంది.

కొండలు, చలి, సరిహద్దులు

గాలి ఒక్కటే దారిని వంచదు. మన మహావృత్తం పామీర్ మీదుగా పోతుందని చెప్పుకున్నాం. విమానంలో గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే పైలట్ వెంటనే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. ప్రయాణికులు మాస్కు లేకుండా ఊపిరి తీసుకోగలిగే ఎత్తు అది. కింద ఉన్న నేలే నాలుగు, ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉంటే దిగడానికి చోటెక్కడ? టిబెట్ పీఠభూమి మీదుగా, దానికి ఆనుకుని ఉన్న పర్వత శ్రేణుల మీదుగా విమాన మార్గాలు పల్చగా ఉండటానికి ఇది ముఖ్య కారణం. తప్పించుకుని దిగే దారి ముందే నిర్ణయించుకోకుండా అటు వెళ్లరు.

రెండు ఇంజిన్ల విమానాలకు మరో నియమం ఉంది. ఒక ఇంజిన్ ఆగితే రెండోదానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేంత దగ్గరలోనే ఎప్పుడూ ఉండాలి. 1985లో ఈ గడువు 120 నిమిషాలకు పెరిగింది. ఇంజిన్ల నమ్మకం పెరిగేకొద్దీ గడువూ పెరిగి, 2011లో కొన్ని 777 విమానాలకు 330 నిమిషాల దాకా అనుమతి వచ్చింది. ధ్రువ ప్రాంతాల మీదుగా, మహాసముద్రాల మధ్యగా నేరుగా వెళ్లగలుగుతున్నామంటే ఈ మార్పు పెద్ద కారణం. ధ్రువ మార్గంలో చలినీ లెక్కలోకి తీసుకోవాలి. జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ట్యాంకుల్లోని ఇంధనం చల్లబడి ఆ హద్దును సమీపిస్తే ఎత్తో, దారో మార్చక తప్పదు.

మనుషులు గీసిన గీతల బలం వీటన్నిటికన్నా ఎక్కువ. 2019 ఫిబ్రవరి 27 నుంచి జూలై 16 దాకా పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసివేసినప్పుడు ఉత్తర భారతం నుంచి యూరప్, అమెరికా వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగాయి. 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకు ఆ ఆకాశం మళ్లీ మూసుకుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా గగనతలం యూరప్ సంస్థలకు మూసుకుపోవడంతో ఫిన్‌ఎయిర్ వారి హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి సుమారు పదమూడు గంటలకు పెరిగింది. హెల్సింకి కదలలేదు, టోక్యో కదలలేదు. రెండింటి మధ్య దూరం మీటరు కూడా మారలేదు. సమయం మాత్రం మూడింట ఒక వంతుకు పైగా పెరిగింది.

టికెట్ మీది గంటలు

టికెట్ మీద చూసే సమయం గాలిలో ఉండే సమయం కాదు. ఒక విమానాశ్రయంలో విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి రెండోచోట గేటు దగ్గర ఆగేదాకా మొత్తం లెక్క అది. హైదరాబాద్–ఢిల్లీ ఉదాహరణ చూద్దాం. మహావృత్త దూరం సుమారు 1,270 కిలోమీటర్లు. విమాన వేగంతో భాగిస్తే గంటన్నర కూడా కాదు. టికెట్ మీద మాత్రం రెండు గంటల పది నిమిషాలో, ఇంకా ఎక్కువో ఉంటుంది. రన్‌వే దాకా నేల మీద పాకడం, వరుసలో వేచి ఉండడం, నెమ్మదిగా పైకెక్కడం, దిగేటప్పుడు ముందున్న విమానం కోసం చుట్టు తిరగడం, దిగాక మళ్లీ గేటు దాకా నడవడం అన్నీ అందులో ఉన్నాయి. ఆలస్యాలను తట్టుకోవడానికి సంస్థలు కలిపే కొన్ని నిమిషాలూ ఉన్నాయి. అందుకే కొన్నిసార్లు విమానం చెప్పిన వేళకన్నా ముందే చేరుతుంది. పైలట్ వేగం పెంచాడని కాదు, వేళాపట్టికలో ఖాళీ ఉందని.

చిన్న దూరాలకు ఈ స్థిరమైన నిమిషాల వాటా ఎక్కువ, పెద్ద దూరాలకు తక్కువ. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే విమానం సగటు వేగం, షికాగో వెళ్లే విమానం సగటు వేగంతో పోలిస్తే చాలా తక్కువగా కనిపించేది ఇందుకే.

గడియారం మరో చిక్కు తెస్తుంది. హైదరాబాద్ సమయం షికాగో కన్నా చలికాలంలో పదకొండున్నర గంటలు, అక్కడ గడియారాలు ముందుకు జరిపే వేసవి నెలల్లో పదిన్నర గంటలు ముందుంటుంది. జనవరిలో మధ్యాహ్నం ఒంటి గంటకు బయల్దేరి పదిహేడు గంటలు ప్రయాణిస్తే షికాగోలో దిగేసరికి అక్కడ అదే రోజు సాయంత్రం ఆరున్నర. గోడ గడియారం లెక్కన అయిదున్నర గంటలే. తిరుగు ప్రయాణంలో గడియారం ఆ అప్పును వసూలు చేసుకుంటుంది. ఎక్కిన వేళ, దిగిన వేళ చూసి ప్రయాణ సమయం చెప్పాలంటే ఈ తేడాను కలపడమో తీయడమో మరువకూడదు.

గాలి అంచనాలు ఇంత కచ్చితంగా దొరకడంలో ప్రయాణికుల విమానాలకూ పాత్ర ఉంది. వేలాది విమానాలు తాము ఎగురుతున్న చోట గాలి వేగం, దిశ, ఉష్ణోగ్రతలను కొలిచి ప్రపంచ వాతావరణ సంస్థ ఏర్పాటు ద్వారా నేలకు పంపుతుంటాయి. 2020లో కరోనా వల్ల విమానాలు నిలిచిపోయినప్పుడు ఈ సమాచారం ఒక్కసారిగా తగ్గి వాతావరణ కేంద్రాలు ఆందోళన చెందాయి. ఇవాళ వెళ్లిన విమానం కొలిచిన గాలి రేపటి విమానం దారిని నిర్ణయిస్తుంది.

దేశంలో ప్రయాణానికి ఇంట్లోనే వేసుకోదగ్గ ఒక మోటు లెక్క ఉంది. మహావృత్త దూరాన్ని 800తో భాగించి నలభై నిమిషాలు కలపాలి. ఢిల్లీకి ఇది రెండు గంటల పదిహేను నిమిషాలు చూపుతుంది, టికెట్‌కు దగ్గరగానే ఉంటుంది. అమెరికా ప్రయాణానికి ఈ లెక్క చాలదు. దూరం పెరిగేకొద్దీ గాలికీ, కొండలకూ, సరిహద్దులకూ దారిని మార్చే అవకాశం పెరుగుతుంది. అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే దూరాన్ని బడి పిల్లవాడైనా చెప్పగలడు. సమయం మాత్రం ఎప్పుడూ ఒక అంచనాయే. ఎటు, ఏ నెలలో, ఏ దారిన అన్నవి చెప్పకుండా ఎంతసేపు అని అడిగితే ఆ ప్రశ్న సగమే అడిగినట్టు.